పైకి లేచిన ఊరు

నూకన్న విశాఖపట్నంలో ఒక అపార్టుమెంటుకి చాలా ఏళ్ళు కాపలా కాశాడు గానీ, తాను అక్కడ కాపురం ఉంటున్నట్టు ఒక్కనాడూ ఒప్పుకోలేదు. ఎవరడిగినా, మాది మాయాబందర్, పనిమీద వచ్చాం అనేవాడు. అండమాన్‌లో పొద్దు తొందరగా పొడుస్తుంది కనుక, ఇక్కడా చీకటుండగానే లేచి చీపురు చప్పుడుతో అన్ని అంతస్తులవాళ్ళనీ లేపేసేవాడు. సాయంత్రం ఎండ ఇంకా మండుతుండగానే మెట్ల దీపాలన్నీ వేసేవాడు. సెక్రటరీ కోప్పడితే, మా ఊళ్ళో ఈపాటికి చీకటి పడిపోయింది బాబూ అని నచ్చజెప్పేవాడు. పైగా కోతలొకటి: మాయాబందర్ పీత వలలో పడితే, దాన్ని జెట్టీకి కట్టాలో జెట్టీనే దానికి కట్టాలో తెలిసేది కాదట.

సునామీనాడు ఆ జెట్టీ దగ్గరే అతని చిన్న వేటపడవ, డోంగీ, స్తంభానికి కొట్టుకుని పుల్లలైపోయింది. భార్య సుందరి, తను గుట్టెక్కి బతికారు. పైనుంచి ఆ పుల్లల్ని చూస్తుంటే నూకన్నకి ఏడుపు రాలేదు. అటు తర్వాత ఏదీ సరిగా రాలేదు, కోపం కూడా. పడవ లేని చోట ఏం చేస్తారని చుట్టాలు విశాఖపట్నం తీసుకొస్తే, మూట మోసినట్టు తనను తాను మోసుకుంటూ వచ్చాడు.

సుందరి తమ్ముడు అప్పయ్య మాత్రం ఊళ్ళోనే ఉండిపోయి చేపల వేట సాగించాడు. భూకంపానికి మన ఊరు మోకాలెత్తు పైకి లేచిందని, మునిగి ఉండే పగడపు దిబ్బలు ఇప్పుడు బయటికి కనిపిస్తున్నాయని ఒకసారి ఫోన్లో చెప్పాడు. నూకన్న చాలాకాలానికి నవ్వాడు. ఆ కుర్రాడికి కోతలు కోయడం నేర్పింది తనే. మా అపార్టుమెంటు రెండు మూరలు దిగబడింది, లిఫ్టులోకి చేపలొస్తున్నాయని బదులిచ్చాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి అప్పయ్య పడవలో చుక్కాని పట్టేవాడు పని మానేశాడు. వచ్చి నువ్వు పట్టు బావా, ఉండడానికి గది ఉంది అన్నాడు అప్పయ్య. నూకన్న గేటు తాళాలు సెక్రటరీ చేతిలో పెట్టేశాడు. సుందరి వంటసామాను ఇరుగుపొరుగుకి పంచేసింది. వాళ్ళు ఓడెక్కేలోపే కొత్త కాపలావాడు వాచ్‌మన్ గదిలో దిగిపోయాడు. ఇక మాయాబందర్లో నిలదొక్కుకోకపోతే వెనక్కి వెళ్ళడానికి చోటు లేదు.

మొదటిరోజు వేట ముగించుకుని, పోటు తగ్గి సముద్రం వెనక్కి తీస్తున్న వేళకి తిరిగొచ్చారు. నూకన్నకి తెలిసిన పాత గుర్తు ప్రకారం, జెట్టీ చివరి దీపస్తంభం, వెనక గుట్టమీది నల్లబండ ఒక వరసలోకి రాగానే పడవ లోపలికి తిప్పాలి. స్తంభం ఉంది, బండా ఉంది. నూకన్న తిప్పాడు. అన్నీ ముందే చెప్పానుగదా అన్న ధీమాతో అప్పయ్య వెనక్కి చూడకుండా వల దులుపుకుంటున్నాడు.

పడవ అడుగున కరకరమంది. ఇంజను గింజుకుని ఆగింది. చుట్టూ పగడాలు నీళ్ళలోంచి ముక్కులు బయటపెట్టి చూస్తున్నాయి.

పక్కనుంచి పోతున్న డోంగీలోంచి ఎవడో, “ఏం భయ్యా, వైజాగ్ రోడ్డనుకున్నావేటి?” అని అరిచి పోయాడు.

“ఊరు పైకి లేచిందని సెప్పాను గదేటి బావా,” అన్నాడు అప్పయ్య.

“కోతలు కోస్తన్నావనుకున్నాను.”

అప్పయ్య నవ్వలేదు. మళ్ళీ పోటు వచ్చి పడవను లేపేదాకా ఇద్దరూ ఎండలో కూచున్నారు. సిగ్గు పడాలని నూకన్నకి తెలుసు. దాని కోసం చూశాడు. రాలేదు.

“ఆ బండ ఎక్కడిదక్కడే ఉంది కదరా,” అన్నాడు నూకన్న.

“ఉంది. దాంతోపాటు కిందున్నదంతా లేచింది. ఇకనుంచి సుక్కాని నేనే పడతాను. నువ్వు నీళ్ళు తోడు. తోడుతూ దారి సూడు.”

“ఎన్నాళ్ళు?”

“సూసినన్నాళ్ళు.”

పడవలో ఊరిన నీళ్ళు తోడి పోయడం మీసాలు రానివాళ్ళు చేసే పని. ఉండమన్నాడో, పొమ్మన్నాడో నూకన్నకి కాసేపు అంతుపట్టలేదు. పోటుకి పడవ లేచింది, అప్పయ్య చుక్కాని పట్టి కదిలించాడు. దెబ్బ తిన్న చెక్క సందులోంచి నీరు ఊరుతోంది. నూకన్న రేకుడబ్బా అందుకున్నాడు.

“ఎక్కడ తిప్పుతున్నావో సెప్తూండు,” అన్నాడు.

అప్పయ్య చెప్తున్నాడు. ఇంజను మోతలో సగం వినబడలేదు. నూకన్న మళ్ళీ చెప్పమని అడిగి, తోడుతూ కూచున్నాడు.