కుప్పం ఒంటెలు

మొన్న మా అమ్మాయి హరిత పేరున ఒక పార్సిల్ వచ్చింది. అట్టపెట్టె విప్పగానే కొత్త ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. లోపల ఇంకో చిన్న డబ్బా, అందులో గుడ్లు మిటకరించి చూస్తున్న ఒక బొమ్మ. డబ్బా మూత తీయబోతే హరిత నా చేతిలోంచి లాగేసుకుంది.

"తెరిస్తే రేటు పడిపోతాదిమా!"

ఆడుకోవడానికి పనికిరాని బొమ్మను డబ్బులు పోసి కొనడం ఏం తెలివో నాకు అంతుపట్టలేదు. డిగ్రీ చదివే పిల్ల కదా, ఓపిగ్గా పాఠం చెప్పింది. కొన్ని బొమ్మల్ని కావాలనే తక్కువ చేసి వదులుతారట, దొరకనివాళ్లు దొరికినవాళ్ల దగ్గర పదింతలు పెట్టి కొంటారట, పాతవాటికైతే గిరాకీ మరీ ఎక్కువట. చెబుతూనే ఫోనులో ఒక్కో బొమ్మా జరుపుకుంటూ పోతుంటే ఒకచోట "ఆగాగు" అన్నాను. బొటనవేలంత పచ్చరంగు ఒంటె, ఒకప్పుడు టీపొడి ప్యాకెట్లో ఊరికే వచ్చిన ఒంటె. కింద ధర నాలుగున్నర వేలు!

నలభై ఏళ్ల కిందట మదనపల్లెలో మా వీధి పిల్లలందరికీ టీపొడి ప్యాకెట్లలో వచ్చే ఆ ప్లాస్టిక్ జంతువుల పిచ్చి పట్టింది. పాత పొడి అయిపోయేదాకా మా అమ్మ కొత్త ప్యాకెట్ కత్తిరించేది కాదు కాబట్టి, ఇంట్లో పెద్దవాళ్ల చేత టీ తాగించడమే మా పని అయింది. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి తాగే మా నాయన నాలుగుసార్లు తాగాడు, పుట్టి బుద్ధెరిగి రాగిగంజి తప్ప ఎరగని మా అవ్వ కూడా నా పోరు పడలేక గ్లాసు పట్టింది. ప్యాకెట్ డబ్బాలోకి వంపుతుంటే గోధుమరంగు పొడిలోంచి ముందు ఒక కాలో తోకో బయటపడేది, ఏ జంతువో తేలేదాకా మా తలలన్నీ డబ్బా మీదే ఉండేవి. చాలాసార్లు సింహమే. మా వీధిలో కుక్కలకంటే సింహాలు ఎక్కువయ్యాయి. మూడు సింహాలిస్తే ఒక గుర్రం వచ్చేది, గుర్రానికి తోడు గుప్పెడు వేయించిన చెనిక్కాయలు పెడితే ఏనుగు వచ్చేది. ఈ ధరలు ఎవరు కట్టారో తెలియదు కానీ, సంతలో బేరాలకంటే ఖచ్చితంగా నడిచేవి.

ఒంటెకు మాత్రం ధరే లేదు. వీధి మొత్తానికి ఒక్కటే ఉండేది, అది షమీమ్‌ది. పరుపులు కుట్టే ఆయన కూతురు షమీమ్, నాకు ప్రాణ స్నేహితురాలు. ఎప్పుడు చూసినా జుట్టులో దూదిపింజలు ఉండేవి కాబట్టి పిల్లలు "ముసలమ్మా" అని ఏడిపించి తొక్కుడుబిళ్ల ఆటలో చివరి వంతు ఇచ్చేవాళ్లు. ఒంటె దొరికిన మరుసటి రోజు నుంచి మొదటి వంతు ఆమెదే. ఇరవై లెక్కపెట్టేదాకా ఒంటెను చేత్తో పట్టుకోవడానికి బెల్లం ముక్కలు, చింతకాయలు, సగం చీకిన పుల్ల ఐస్‌లు లంచాలుగా వచ్చేవి. నా దగ్గర మాత్రం ఏమీ తీసుకునేది కాదు.

ఆ ఎండాకాలం సెలవులకు అమ్మతో కలిసి కుప్పంలో మా చిన్నమ్మ ఇంటికి పోయాను. చిన్నాయనకు అక్కడ చిల్లర అంగడి ఉండేది. పోయిన రోజే చూశాను, అంగడి మెట్ల మీద, మంచం కింద, బియ్యం డబ్బా పక్కన, ఎక్కడ చూసినా ఒంటెలే. ఆడపిల్లలు గులకరాళ్లకు బదులు వాటిని ఎగరేసి పట్టుకుంటూ అచ్చంగాయలు ఆడుతున్నారు. గుర్రం కోసం మాత్రం అక్కడ తల పగలగొట్టుకుంటున్నారు. నేను నోరు తెరుచుకుని నిలబడితే చిన్నమ్మ నవ్వింది.

"ఒంటెలా? కావాల్సినన్ని ఎత్తుకోని పో పాపా. కాళ్లకు గుచ్చుకుంటాండాయి."

ఒక ఊళ్లో బంగారమైంది ఇంకో ఊళ్లో గులకరాయి ఎలా అయిందని చిన్నాయనను అడిగాను. లారీవాడు ఒక్కో తట్టు ఒక్కో జంతువు మూట దించుంటాడులే అన్నాడు. ఇంతకంటే మంచి జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు.

పన్నెండు ఒంటెలు గుడ్డసంచిలో మూటగట్టుకుని బస్సెక్కాను. వి.కోట, పలమనేరు దాటాక పుంగనూరు బస్టాండులో అమ్మ కొనిచ్చిన వేడి బజ్జీలు కూడా ఆ ఆత్రంలో రుచించలేదు. మదనపల్లెలో దిగి ఇల్లు చేరగానే కాళ్లు కూడా కడుక్కోకుండా వీధి అరుగు మీద సంచి బోర్లించాను. పిల్లలంతా ఈగల్లా ముసిరారు. అందరి వెనుక షమీమ్ తన ఒంటెను గుప్పిట్లో పట్టుకుని నిలబడింది.

"నీ ఒంటెలన్నీ నువ్వే పెట్టుకో పో," అని ఏడుస్తూ వెళ్లిపోయింది.

మొదటి రోజు ఒక్కో ఒంటెకు నాలుగు సింహాలు వచ్చాయి. నాలుగో రోజుకు చింతకాయ కూడా రాలేదు. షమీమ్ మళ్లీ చివరి వంతుకు పోయింది, నాతో మాట్లాడటం మానేసింది. ఆమె ఒంటె ధర నా వల్లే పడిపోయింది, దాన్ని నిలబెడితే అంతా సర్దుకుంటుందని నా చిన్న బుర్రకు తోచింది. ఇచ్చిన ఒంటెలన్నీ ఇంటింటికీ తిరిగి, వాళ్ల సింహాలు వాళ్లకిచ్చేసి వెనక్కి తెచ్చుకున్నాను. పాత ప్లాస్టిక్‌కు ఎర్రగడ్డలు, అదే ఉల్లిపాయలు, ఇచ్చే ఆయన సైకిల్ మీద రాగానే పన్నెండూ తక్కెట్లో పోశాను.

"కొత్తగానే ఉండాయే పాపా, యాల ఇస్తాండావు?"

"ఎక్కువైపోయినాయి," అన్నాను.

ఆయన నవ్వి నాలుగు ఎర్రగడ్డలు చేతిలో పెట్టాడు. పరుగున షమీమ్ వాళ్ల గడప దగ్గరికి పోయి "ఇప్పుడు నీది ఒకటే!" అని అరిచాను. ఆమె లేచి లోపలికి పోయింది. వీధిలోనూ ఒంటెకు పాత మర్యాద రాలేదు, కుప్పంలో అవి మంచాల కింద దొర్లుతుంటాయని అందరికీ తెలిసిపోయింది మరి. బళ్లు తెరిచేలోపే షమీమ్ వాళ్లు పుంగనూరుకు మారిపోయారు.

నిన్న పుంగనూరులో ఒక పెళ్లికి పోయి, అడుగుతూ అడుగుతూ షమీమ్ పరుపుల అంగడి కనుక్కున్నాను. దూది కొట్టే వాళ్లు ఇప్పుడు లేరు, అంతా ఫ్యాక్టరీ స్పాంజి పరుపులే. ఫోనులో ఒంటెను చూపిస్తే ధర చూసి గుండెల మీద చెయ్యి వేసుకుంది. తన ఒంటె ఎప్పుడు పోయిందో కూడా గుర్తులేదంది. నా ఎర్రగడ్డల కథంతా చెప్పి, నీ ఒంటె రేటు పడగొట్టి ఏడిపించాను కదే అన్నాను.

"రేటుకు ఎవురేడ్సినారు?" అంది షమీమ్. "నాకు ఒంటె దొరికిన దినం టీపొడి సేతుల్తోనే ముందు మీ ఇంటికి పరిగెత్తుకోని వస్తిని. నువ్వు ఊరి నుంచి వచ్చి వీధిలో అందురికీ సూపిస్తివి. నేను ఎనకాల నిలబడుకోని సూస్తి."

అన్నేళ్లుగా ఆ ఏడుపుకు నేను కట్టిన లెక్క తప్పని అప్పుడు తెలిసింది. "తప్పయిపోయిందే," అన్నాను. షమీమ్ నవ్వలేదు, కానీ కూర్చోమని కుర్చీ జరిపింది.