చుక్కలు తీసేసిన బొమ్మ

ఎక్స్‌రేలతో పని అనగానే రాంగోపాల్‌పేట్‌లో మా ఇంటికొచ్చే చుట్టాలు మోకాళ్లు చూపిస్తారు. నేను చూసేది ఎక్కడో ఉన్న గెలాక్సీల గుంపులనీ, వాటి మధ్య పరుచుకున్న వేడి వాయువు ఎక్స్‌రేలలోనే కనిపిస్తుందనీ, ఆ బొమ్మలు ఉపగ్రహం పంపుతుందనీ చెప్పి చెప్పి విసుగొచ్చింది. ఇప్పుడు టీ ఇచ్చి ఊరుకుంటున్నాను.

పోయిన వానాకాలం మా అక్క కూతురు డెంగీ జ్వరంతో పోయింది. ఆరో తరగతి పిల్ల. బొల్లారంలో వాళ్లింటి గోడ మీద ఉన్న పిల్ల ఫొటోను బావ తీసేశాడు. బట్టలూ సైకిలూ ఎవరికో ఇచ్చేశాడు. కళ్లెదుట ఉంటే అక్క తేరుకోదన్నాడు, మేమూ ఔనన్నాం. పిల్ల పేరెత్తడమే మానేశాం. అక్క తిండి మానేసింది, తర్వాత మాట మానేసింది. ఇక ఈమె కూడా మాకు దక్కదేమోనని భయపడి నా దగ్గరికి తీసుకొచ్చాను.

ఒక మధ్యాహ్నం నేను పని చేసుకుంటుంటే అక్క వచ్చి పక్కన కూర్చుంది. కంప్యూటర్ తెర మీద ఒక గెలాక్సీల గుంపు ఉంది. అందులో బాగా మెరిసే చుక్కలకు ఒక్కొక్కదానికీ సున్నా చుట్టి తీసేస్తున్నాను. అవి ఉంటే వాయువు వెలుగును సరిగ్గా కొలవలేం. తీసిన చోటల్లా నల్లటి బొక్క మిగులుతుంది.

"గవెందుకు తీసేస్తున్నవే?" అంది.

ఎన్నాళ్లకో విన్న గొంతు. మెరిసేవి తీసేస్తేనే మిగతాది తెలుస్తుందని చెప్పాను.

"మిగిలేదేంది?"

"వేడి. కోట్ల డిగ్రీల వేడి."

తెర మీది ఒక నల్లటి బొక్క మీద వేలు పెట్టింది. "మా ఇంట్ల సుత గిట్లనే చేసిన్రు. పిల్ల ఉన్న జాగలన్ని తీసేసిన్రు. నాకు వేడొక్కటే మిగిలింది."

నాకు ఏడుపు ఆగలేదు. నీ ఫోన్లో పిల్ల ఫొటో ఉందా అని అడిగింది. ఉంది. మా డాబా మీద కారం అద్దుకుని మామిడికాయ ముక్కలు తింటూ, పులుపుకి ఒక కన్ను మూసి నవ్వుతున్న ఫొటో. అక్క దాన్ని ఒళ్లో పెట్టుకుని, పిల్లను పేరు పెట్టి పిలిచింది.

సాయంత్రం బావ టిఫిన్ డబ్బాతో వచ్చాడు. అక్క ఫోను ఆయన వైపు తిప్పి, జెర చూడమంది.

ఆయన చూడలేదు. గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"నాతోని కాదు," అన్నాడు.

గోడ మీది ఫొటోను ఆయన తీసేసింది అక్క కోసం కాదు, తను చూడలేకే. ఇన్నాళ్లలో ఆయన్ని ఎవరమూ ఓదార్చలేదు.