రెండు వందల గ్రాములు

నాతో పనిచేసిన పైనా గురించి రాద్దామని కూర్చుంటే ముందు మొహం దాచుకోవాలనిపిస్తుంది. అయినా రాయాలి. నేను రాయకపోతే ఆమె గురించి రాసేవాళ్లెవరూ లేరు.

వాతుగెదె అనే మా కొండ ఊళ్లో నెలకోసారి పసిపిల్లల్ని తూస్తాం. మా వరండా దూలానికి కాటా వేలాడదీసి, గుడ్డ లాగులో బిడ్డను కూర్చోబెట్టి, వచ్చిన బరువును ఎదుగుదల కార్డులో రాసి చుక్క పెడతాం. వచ్చినవాళ్లకు కొబ్బరిపాలు పోసిన పెసరజావ పెడతాం. జీతం లేదు. ఏడాదికొక యూనిఫాం గుడ్డ ఇస్తారు, కుట్టించుకోవడం మా పనే. తొమ్మిదిమందిమి మొదలుపెట్టాం. ఫ్యాక్టరీలో పని దొరికి కొందరు, విసుగొచ్చి కొందరు మానేశారు. ఇరవయ్యో ఏటికి నేనూ పైనా మిగిలాం. నేను అధ్యక్షురాలిని, అందుకని ఊరంతా నన్ను ‘బు రుక్మి’, అంటే రుక్మి అమ్మగారు, అంటారు. ఆమె మాత్రం అందరికీ ఉత్త పైనా.

రానివాళ్ల ఇళ్లకు కాటా భుజాన వేసుకుని కొండెక్కేది ఆమే. ఎందుకే ఇంత తంటా, నీకేం ఒరిగింది అని ఒకసారి అడిగాను. పోయిన నెలకన్నా కాటా కర్ర మీది గుండు కాస్త ముందుకు జరిగితే ఆ పూట అన్నం రుచిగా ఉంటుందని సిగ్గుపడుతూ చెప్పింది. నాకు నవ్వొచ్చింది. నాకైతే ‘బు రుక్మి’ అనిపించుకుంటేనే కడుపు నిండేది. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు ఇన్నాళ్లు పట్టింది.

నిరుడు వానాకాలంలో మాలాంటి తూకం కేంద్రాలకు జిల్లా పోటీ వచ్చింది. ప్రతి బిడ్డకూ ఆ నెల చుక్క ఉండాలి. కార్డులన్నీ నా దగ్గరికి తెప్పించాను. సరిగ్గా అప్పుడే పైనా కాలు బెణికి మంచం పట్టింది. కొండ మీద ఉండే సుతిని అనే ఆమె కూతురు నింగ్ ఒక్కతే తూకానికి మిగిలిందనీ, పోయిన నెల బరువు పెరగలేదనీ, నన్ను తప్పకుండా వెళ్లి చూసి రమ్మనీ కబురు చేసింది. రెండో నెలా పెరగకపోతే ఆరోగ్య కేంద్రానికి పంపాలి. వెళ్తానన్నాను.

వెళ్లలేదు. వాన పడుతోంది, మోకాళ్లు నొప్పి. పాత బరువుకు రెండు వందల గ్రాములు కలిపి రాసి, చుక్క పెట్టేశాను. పిల్లలన్నాక పెరగరా అనుకున్నాను. పాడు బుద్ధి.

మాకే మొదటి బహుమతి వచ్చింది. కార్డులు ఇళ్లకు వెళ్లిపోయాయి. సుతిని పగలంతా తేయాకు తోటలో ఉంటుంది, బిడ్డ మతిమరుపు అమ్మమ్మ దగ్గర. తను లేనప్పుడు పైనా వచ్చి తూచి వెళ్లిందనే సుతిని అనుకుంది.

మరుసటి నెల తూకం రోజున నింగ్‌ని ఎత్తుకుని తనే దిగివచ్చింది. బిడ్డ డొక్కలు కనబడుతున్నాయి. పైనా తూచింది. కార్డులో ఉన్నదానికన్నా అరకిలో తక్కువ.

“పెరిగిందని రాశారుగా. అది చూసే నేను నిమ్మళంగా ఉన్నా. ఎవరు తూచారు?” అంది సుతిని.

వరండా నిండా తల్లులు. నేను ఏడు అంకె రాసే తీరు పైనాకు బాగా తెలుసు. కార్డు చూసి, నా వంక ఒక్కసారి చూసింది. నేను జావ గిన్నెలోకి చూస్తూ ఉండిపోయాను.

“నేనేనమ్మా. కాలునొప్పితో కొండెక్కలేక రాసేశాను,” అంది పైనా.

“ఇన్నేళ్లూ నిన్ను నమ్మాం. ఇక మా గడప తొక్కకు.”

అందరూ వెళ్లాక, నా తప్పు నీ నెత్తిన ఎందుకు వేసుకున్నావే అని అడిగాను.

“మీరు రాశారని తెలిస్తే ఈ వరండాకే ఎవరూ రారక్కా. నేనైతే నేనొక్కదాన్నే పోతాను.”

కాటా నా గుమ్మం దగ్గర పెట్టి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. నేను పిలవనూ లేదు.

నింగ్‌ని ఆ రోజే ఆరోగ్య కేంద్రానికి పంపాం. ఇప్పుడు మెల్లగా తేరుకుంటోంది. కొండెక్కే పని నాదయింది. మొన్న వెళ్తే సుతిని చాప పరిచి, తాటిబెల్లం వేసిన టీ ఇచ్చింది.

“మీరు కాబట్టి రానిస్తున్నా, బు. ఆ పైనాలా కాదు మీరు. తాగండి,” అంది.

చెప్పేద్దామని నోరు తెరిచాను. టీ తాగి వచ్చేశాను.