గానం తగ్గించమన్నాడు

మైకులమ్మే కొట్లో ఆయన్ని అందరూ మైకు బాబాయ్ అంటారు. హెడ్‌ఫోను మెడ దిగదు, విసుగు ముఖం దిగదు. ఇంట్లో పాటలు రికార్డు చేసుకునేవాళ్లు రోజూ ఫోను చేసి, గొంతు బరబరలాడుతోంది, ఇంకా ఖరీదైన మైకు ఇమ్మంటారు. ఆయన కళ్లు మూసుకుని, తొమ్మిదేళ్లుగా చెబుతున్న మాటే చెబుతాడు: "గెయిన్ తగ్గించండి." మైకు గొంతుని ఎంత జోరుగా లాక్కోవాలో చెప్పే నాబ్ అది. ఒకరోజు ఓ సంగీతం టీచరమ్మ ఫోను చేసింది, సాయంత్రం ఐదింటిలోగా రేడియో ఎంపికకి పాట పంపాలి. ఆమెకీ అదే చెప్పాడు. గంటకి ఆమె మళ్లీ పాడి ఆయనకి పంపింది. వింటే, చెవిలో దోమ జోల పాడినట్టుంది.

"అదేంటమ్మా, గుసగుసలాడారు?" అన్నాడు ఫోనులో. "నువ్వేగా నాయనా, గానం తగ్గించమన్నావు! ముప్పయ్యేళ్లలో నన్నింత మాట ఎవరూ అనలేదు." బాబాయ్ నెత్తి కొట్టుకుని, ఎవరి చెప్పులో వేసుకుని ఆమె ఇంటికి పరుగెత్తాడు. నాబ్‌ని కాస్త వెనక్కి తిప్పి, "తగ్గాల్సింది ఇది తల్లీ, మీరు కాదు. పాడండి" అన్నాడు. ఆమె గొంతెత్తితే వీధి చివర కుక్క మొరగడం మానేసి కూర్చుంది. ఐదుకి రెండు నిమిషాల ముందు పాట వెళ్లింది. కొట్లోకి రాగానే ఇంకెవరిదో ఫోను, అదే బరబర. ఈసారి తెలివిగా, "నాబ్ ఎడమకి తిప్పండి" అన్నాడు. అవతలి గొంతు అడిగింది: "నా ఎడమకా బాబాయ్, మైకు ఎడమకా?"