బాగా, చాలా బాగా, ఫర్వాలేదు

ఆ సర్జరీ వార్డులో హెడ్ సిస్టర్‌ని వెనకాల అందరూ 'ఫర్వాలేదు సిస్టర్' అనేవారు. ఆవిడ నోట ఎంత మెచ్చుకోలైనా ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయేది. జూనియర్ నర్సు ముడత లేకుండా పక్క వేస్తే ఫర్వాలేదు. చావుబతుకుల్లో వచ్చిన మనిషి తన కాళ్ళ మీద ఇంటికి వెళితే ఫర్వాలేదు. భర్త కొత్త చొక్కా తొడుక్కుని ఎలా ఉన్నానని అడిగితే అదీ ఫర్వాలేదే. పాపం, ఆయన దాన్నే పొగడ్త కింద జమ వేసుకుని బజారుకి వెళ్ళేవాడు. ఎదుటపడి పొగిడితే ఆయుక్షీణం అని వాళ్ళమ్మ చిన్నప్పుడు చెప్పింది. కూతురు ఆ మాట పట్టుకుని ఎవరి ఆయుష్షూ తగ్గించకుండా ఇంతకాలం నెట్టుకొచ్చింది.

కోపం వస్తే మాత్రం "బాగుంది సంబడం!" అనేది. అందుకే ఆవిడ 'బాగుంది' అంటే నర్సులు ఎక్కడ తప్పు చేశామా అని వెతుక్కునేవారు.

స్పెషలిస్టు శిక్షణలో ఉన్న డాక్టర్లు పాసో ఫెయిలో అంతవరకూ పెద్ద డాక్టరు ఒక్కరే తేల్చేవారు. ఆయన వార్డులో ఉండేది పొద్దున కాసేపు. ఆ కాసేపూ బుద్ధిమంతుడు కానివాడెవడు? ఈ చిన్న విషయం ఆసుపత్రివారికి ఇన్నాళ్ళకు తట్టింది. ఇకమీదట నర్సులు, తోటి డాక్టర్లు, థియేటర్ టెక్నీషియన్లు, చివరికి రోగులు కూడా అభిప్రాయం చెప్పాలన్నారు. ఎవరు ఏం చెప్పారో ఆ డాక్టరుకు తెలియనివ్వరు. ఒక్కో ప్రశ్నకు ఐదు గళ్ళు. చాలా బాగా, బాగా, ఫర్వాలేదు, అంతంతమాత్రం, బొత్తిగా బాగాలేదు. చివరి రెండిట్లో టిక్కు పెడితే కారణం రాయాలి.

ఆ ఏడాది శిక్షణ ముగించేవాళ్ళు వార్డులో ఇద్దరున్నారు. ఒకతన్ని రోగులు నెమ్మది డాక్టరు అనేవారు. కట్టు విప్పేముందు మంచం పక్కన కూర్చుని, ఎక్కడ నొప్పెడుతుందో, ఎంతసేపు ఉంటుందో చెప్పి, అప్పుడు చెయ్యి వేసేవాడు. దాంతో రౌండ్లు ఆలస్యమై తోటి డాక్టర్లు గొణుక్కునేవారు. రెండో అతను సెంటు డాక్టరు. మనిషి రాకముందే వాసన వచ్చేది, వాసన పోకముందే మనిషి మాయమయ్యేవాడు. పిలిస్తే "ఇదిగో వస్తున్నా" అనేవాడు. పెద్ద డాక్టరు ఉన్నప్పుడు మాత్రం ఆయన పక్కనుంచి కదిలేవాడు కాదు.

హెడ్ సిస్టర్ టీ తాగుతూ ఇద్దరి కాగితాలూ ముందేసుకుంది. నెమ్మది డాక్టరుకు పైనుంచి కిందిదాకా 'ఫర్వాలేదు'లో టిక్కులు పెట్టింది. మనసారా పెట్టింది. సెంటు డాక్టరు కాగితం దగ్గర కాసేపు పెన్ను ఆగింది. ఉన్నమాట చెబితే కారణాలు రాయాలి, ఆనక పిలిచి అడుగుతారు, అతను ఇంకో ఏడాది ఇక్కడే తిష్ఠవేస్తాడు. ఈ తలనొప్పంతా ఎందుకని అన్నిటికీ 'చాలా బాగా' పెట్టేసి పీడ వదిలిందనుకుంది.

సెంటు డాక్టరు నల్లేరు మీద బండిలా పాసై, వేరే ఊళ్ళో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాడు. నెమ్మది డాక్టరు ఫలితం ఆగిపోయింది. ఒక మధ్యాహ్నం అతను డ్రెస్సింగ్ గదిలోకి వచ్చి, గాజుగుడ్డ మడతపెడుతున్న ఆవిడ ఎదురుగా నిలబడ్డాడు.

"సిస్టర్, నన్ను ఇంకో ఏడాది ఉంచేసేలా ఉన్నారు. రోజూ చూసేవాళ్ళలో ఒకరు నా గురించి ఏమంత గొప్పగా చెప్పలేదట. మీరు రోజూ చూస్తూనే ఉన్నారు కదా, నాలో లోపమేంటో మీరైనా చెప్పండి."

"నీకేం బాబూ, ఫర్వాలేదు," అంది ఆవిడ అలవాటుగా, ఆప్యాయంగా.

అతని ముఖం పాలిపోయింది. "కాగితంలోనూ అదే మాటండీ, అన్నిటికీ," అన్నాడు. ఒక్క క్షణం ఆవిడ కళ్ళలోకి చూసి వెళ్ళిపోయాడు.

మర్నాడు కమిటీ గది బయట ఆవిడ చాలాసేపు కాచుకుంది. లోపల పెద్ద డాక్టరు, మరో ఇద్దరు కూర్చుని ఉన్నారు.

"అయ్యా, ఆ ఫర్వాలేదులు నావే. నా నోట అంతకు మించిన మాట రాదు. మనసులో ఉన్నది అది కాదు."

"మనసులో ఉన్నదేంటమ్మా?"

ఆవిడ ఇంతవరకూ ఎవరి గురించీ అలా చెప్పి ఎరగదు. "ఆ బాబు డ్యూటీలో ఉన్నాడంటే నేను నిశ్చింతగా ఇంటికి పోతానండీ. రేపు నా కడుపు కోయాల్సొస్తే అతని చేత్తోనే కోయించుకుంటాను. చాలా మంచి డాక్టరు."

పెద్ద డాక్టరు కాగితాలు తిరగేశారు. "మరి రెండో అతనికి అన్నీ 'చాలా బాగా' అని పెట్టారు కదా. అతనితో కోయించుకుంటారా?"

"అమ్మో!" అన్న మాట ఆవిడ ఆపుకోలేకపోయింది.

"మరెందుకు పెట్టారు?"

"వెళ్ళిపోతాడనండీ." ఆ మాట అన్నాక ఆవిడకు సిగ్గుతో చచ్చినంత పనైంది. ఉద్యోగం పోయినా పోతుందనుకుంది.

ఎవరూ కోప్పడలేదు. మిగతా ఇద్దరూ కిటికీ వైపు చూశారు. పెద్ద డాక్టరు కళ్ళజోడు తీసి, చాలాసేపు తుడుచుకున్నారు.

"నేనూ అతనికి అందుకే అలా పెట్టానమ్మా," అన్నారు.

నెమ్మది డాక్టరు సర్టిఫికెట్టు మీద అప్పటికప్పుడే సంతకం పడింది. రెండోదాని మీద ఎప్పుడో పడింది. అక్కడ, ఆ వేరే ఊళ్ళో, సెంటు డాక్టరు చేతులు కడుక్కుని, పక్కన పెద్దవాళ్ళెవరూ లేకుండా తన మొదటి ఆపరేషను మొదలుపెట్టాడు.