నా పుస్తకంలో పరాయి కవితలు

మా జిల్లాలో కవులు పుస్తకాలు చదవరు, ఆవిష్కరిస్తారు. ఈ మాట అన్నందుకు నామీద అలిగినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఎవరు ఏ సభలో ఏ పుస్తకాన్ని విప్పి చూడకుండానే ఎంతసేపు పొగిడారో నాకు ఇప్పటికీ గుర్తే. చదువుకున్నవాళ్ళు మరిచిపోతారు. ఐదో తరగతితో బడి మానేసి, ఉరవకొండ మండీలో చెనిక్కాయలకు, అంటే వేరుశనక్కాయలకు, కాటా వేస్తూ, పొట్లాలు కట్టిన పాత పేపర్లలో అక్షరాలు ఏరుకున్నవాడు మరిచిపోడు.

పోయినేడు నా నాలుగో పుస్తకం వచ్చింది. పద్ధతి మీకు తెలిసిందే. మనమే అచ్చు వేయించుకోవాలి. మనమే శాలువాలు కొని, మనల్ని పొగిడేవాళ్ళకు కప్పాలి. వచ్చిన ప్రతివాడికీ ఒక ప్రతి ఊరికే చేతిలో పెట్టాలి. వాడు దాన్ని అరచేతిలో పైకీ కిందికీ ఆడించి, "కవర్ భలే వచ్చిందన్నా" అంటాడు. బతుకంతా తూకం వేసినవాణ్ణి నేను. నా ముందరే తూకం! ఆ తర్వాత పుస్తకం సంచిలోకి పోతుంది. సంచిలోంచి ఎక్కడికి పోతుందో ఇంతవరకూ ఎవడూ నాకు చెప్పలేదు. నా పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్కడంటే ఒక్కడు చదివాడా? ఈ వయసులో నాకు మిగిలిన ప్రశ్న అదొక్కటే.

సభ అయిన మరునాడు పొద్దున అరుగు మీద కూర్చుని నా పుస్తకం నేనే చదువుకుంటున్నాను. ఎద్దుల సంత మీద రాసిన కవిత సగంలో పేజీ తిప్పితే, ఎద్దు పోయి సూది వచ్చింది. సూది, దారం, కాజాలు, పండగ ముందురోజు కొట్టు దగ్గర గుమిగూడిన జనం. తర్వాతి పేజీ కూడా కుట్టుపనే. ఒక ఫారం, అంటే పదహారు పేజీలు, మొత్తం నావి కావు. నాకు గుండీ ఊడితే కుట్టుకోవడం కూడా రాదు.

మొదటి బస్సుకే అనంతపురం ప్రెస్సుకు పోయాను. పెళ్ళిపత్రికలు, కరపత్రాలు, కవిత్వం అన్నీ ఒకే మిషన్ మీద వచ్చే ప్రెస్సు అది.

"ఏమప్పా ఇది? నా పుస్తకంలో ఎవడివో దూర్చినావు!"

ప్రెస్సాయన తిరగేసి చూసి నాలుక కరుచుకున్నాడు. "మడకశిర టైలరు పుస్తకము, నీ పుస్తకము ఒకే దినం బైండింగుకు పోయినాయి. ఫారాలు మారిపోయినట్లుండాయి. నీవి ఆయప్ప దాంట్లో ఉంటాయిలే."

"ఉంటాయిలే అంటావేం? అన్నీ పంచేసినా కదయ్యా!"

"ఎవురన్నా కనిపెట్టినారా?"

"లేదు."

"మరెందుకు అరుస్తాండావు పెద్దాయనా?"

తిట్టవలసినవి తిట్టి బస్సెక్కాను. కూడేరు దాటేసరికి కోపంలోంచి నవ్వు పుట్టింది. ఇంత నికార్సయిన కాటా నాకు మండీలో కూడా దొరకలేదు! చదివినవాడెవడో చదవనివాడెవడో ఇక నోరు తెరిస్తే తేలిపోతుంది. ఎవరికీ చెప్పకూడదని అక్కడికక్కడే ఒట్టు పెట్టుకుని, ఒక్కణ్ణే పకపకా నవ్వుకుంటుంటే పక్క సీటామె లేచి ముందుకు పోయి కూర్చుంది.

ఆ తర్వాత ఫోన్ మోగితే చాలు, నేను ఎగిరి దూకేవాణ్ణి. "కొత్త పెళ్ళికొడుకు మాదిరి ఏం పరిగెత్తుతాండావు?" అని మా ఇంటామె ఎగతాళి. సభకు ముఖ్య అతిథిగా వచ్చిన రిటైర్డు లెక్చరర్ గారే మొదట చేశారు.

"మీ పుస్తకం రెండుసార్లు చదివినా."

"మధ్యలో ఎట్లుండాది సార్?"

"ప్రాణమంతా మధ్యలోనే ఉండాది కదా!"

ఉంది. ఎవరి ప్రాణమో ఆయనకు తెలియదు. ఫోన్ పెట్టేసి అరుగు మీద దొర్లి దొర్లి నవ్వాను. తర్వాత గుంతకల్లు కుర్రకవి ఒకడు చేశాడు. వాడు పుస్తకం ఎక్కడో ఒకచోట తెరిచినట్టే ఉన్నాడు.

"సూది మీద రాసినావు చూడన్నా, ఏడిపించినావు. నీకు కుట్టుపని యాడ వచ్చె?"

"ఇప్పుడే నేర్చుకుంటాండా నాయనా."

"ఈ వయసులో!" అని ఇంకా మెచ్చుకున్నాడు.

వాట్సాప్ గ్రూపులో చప్పట్ల బొమ్మలు, దండాల బొమ్మలు కుప్ప పోశారు. ఒక్కడూ పట్టుకోలేదు. రోజులు గడిచేకొద్దీ నా నవ్వు పలచబడింది. నేనే పన్నిన వల పక్కన నేనే కూర్చుని చూస్తున్నాను, చేప జాడ లేదు.

ఒకరోజు తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"ఏమప్పా, ప్రెస్సాయన ఈ నంబరిచ్చినాడు. చెనిక్కాయల కాటా మీద కవితలు రాసింది నువ్వేనా?"

"నేనే."

"నీవి నా పుస్తకంలో ఉండాయి. నావి యాడ పోయినాయి?"

టైలరు! "నా దాంట్లో ఉండాయి!" అని వీధి అదిరేలా అరిచాను.

"బాగుండాయా?"

"ఎవురూ ముట్టలేదు. కొత్తగా ఉండాయి."

అటునుంచి నవ్వు వినిపించింది, మిషన్ తొక్కినట్టు ఆగకుండా. తర్వాత ఆయన గొంతు తగ్గించి, "ఒక మాట చెప్పాల. ఫోనులో చెప్తే కొట్లాటయితాది. సోమందేపల్లెకు రా. ఇద్దరికీ మధ్య" అన్నాడు.

"మధ్య ఎట్లయితాది? నీకు దగ్గర, నాకు దూరం!"

"ముందు కనిపెట్టి ఫోన్ చేసింది ఎవురు?"

పోయాను. హైవే పక్కన టీ అంగట్లో తెల్ల గడ్డం, తలమీద టోపీ, మెడలో తీయడం మరిచిపోయిన కొలత టేపుతో కూర్చుని ఉన్నాడు. సలాం లేదు, కుశలం లేదు. నేను కూర్చోగానే కళ్ళు మూసుకుని నా కవిత చదవడం మొదలుపెట్టాడు, కాగితం లేకుండా:

కాటా అయిపోయింది
బస్తాలు వెళ్ళిపోయాయి
నేల మీద రాలిన గింజలు
ఒక్కొక్కటే ఏరి
తువ్వాలు కొసన ముడేసుకున్నాడు

ఆగాడు.

"ఇంకా రెండు లైన్లుండాయి," అన్నాను.

"అదే నేను చెప్పాలనుకున్నా. అవి తీసెయ్."

"ఏవి?"

"'ఓ రైతన్నా, నీ చెమట చుక్కే ఈ దేశానికి దీపం.' ముడి పడిపాయ. ముడి పడినాక ఇంకా కుడతారా ఎవురన్నా?"

నాకు ఒళ్ళు మండింది. "ఆ రెండు లైన్లకే సభల్లో చప్పట్లు కొడతారు!"

"కొడతారు. కవిత అయిపాయ అని సంతోషం."

లేచి నిలబడ్డాను. టీ అంగడి మొత్తం మావైపు తిరిగింది. "నువ్వు నాకు చెప్తావా? నీ సూది మెరుపు వలె, అమ్మ చూపు వలె, దేవుని వేలు వలె! పాపం ఒక్క సూది ఎన్ని మోస్తాదయ్యా? సూదిని సూదిగా ఉండనీ!"

ఆయన గ్లాసు గాల్లో ఆగిపోయింది. "చదివినావా?"

"చదవకుండా తిడతానా!"

"అంతా?"

"అంతా!"

గ్లాసు బల్ల మీద పెట్టి, రెండు చేతులతో నా చెయ్యి పట్టుకున్నాడు. "ఇంగా తిట్టు," అన్నాడు.

తిట్టాను. ఆయనా తిట్టాడు. కాజాల కవితలో ముగింపు బాగుందని ఒప్పుకున్నాను, ఎత్తుగడ చెత్త అన్నాను. నా ఎద్దుల సంతలో, తనకు దొరికిన సగంలో, ఎద్దు తప్ప అందరూ మాట్లాడతారన్నాడు ఆయన. టీ మీద టీ. ఇన్నేళ్ళుగా మెడ మీద పడ్డ శాలువాలన్నీ కలిపినా ఇంత వెచ్చగా లేదు. ఇన్నేళ్ళకు నన్ను ఒకడు చదివాడు, మెతుకు మెతుకు నమిలి, రాయి తగిలితే నా మొహం మీదే ఉమ్మేశాడు!

అనంతపురం బస్సు వచ్చేసింది. కిటికీ పక్కన కూర్చున్నా మనసు ఆగలేదు. తల బయట పెట్టి, "ఒకటి తీసేస్తా! 'ఓ రైతన్నా' తీసేస్తా!" అని అరిచాను.

"రెండూ తీసెయ్!" అంటూ ఆయన బస్సు వెంబడి పరిగెత్తాడు, మెడలో టేపు ఎగురుతుండగా.

"ఏం పెద్దాయనా, ఆస్తి తగాదానా?" అని కండక్టరు నా భుజం పట్టుకుని లోపలికి లాగాడు.

"వదులప్పా!" అని విదిలించుకుని మళ్ళీ బయటికి వంగాను. "నీ 'వలె'లు తీస్తే తీస్తా!"