పళ్ళున్నంత కాలం

బాంగ్ దల్సు పళ్ళ సంగతి ఆ దీవిలో తెలియనివాళ్ళు లేరు. సీసా మూత రాకపోతే ఆయన్ని పిలిచేవారు, వలతాడు ముడి బిగుసుకుపోతే ఆయన నోటికే అందించేవారు. ఏటా మొదటి నెల పున్నమినాడు, తెల్లవారుతుండగా ఎవరి గుమ్మంలో వాళ్ళు నిలబడి పెంకున్న కాయని పళ్ళతో పటుక్కున కొరికి, మొదటిది వాకిట్లోకి విసిరేస్తారు. అలా చేస్తే ఏడాదంతా ఒంటిమీద కురుపు లేవదనీ, పళ్ళు గట్టిపడతాయనీ నమ్మకం. అందరూ వేరుశనక్కాయతో సరిపెట్టుకునేవారు. దల్సుకి మాత్రం అక్రోటుకాయే కావాలి, అదీ పెంకు మందంగా ఉన్నదే.

ఆ సాయంత్రం ఆయన లేనిదే పండగ లేదు. ఒడ్డున వెదుళ్ళూ గడ్డీ గుట్టగా పేర్చి, చంద్రుడు నీళ్ళమీదికి రాగానే నిప్పు పెడతారు. ముందు దల్సు సన్నాయి ఎత్తుకోవాలి, ఆ తర్వాతే డోళ్ళూ తాళాలూ. ఆ ఎత్తుగడ వాళ్ళ నాన్న నోటితో పాడి నేర్పాడు. ఊళ్ళో ఇంకెవరికీ రాదు.

కూతురు యొన్షిల్ రేవులో చేపలకి మంచు కొట్టే పనిలో ఉండేది. ముప్పై దాటిన మనిషి, పని నడుమ తడి చేతులతోనే వచ్చి నేర్పమని అడిగేది.

"నా నోట్లో పళ్ళున్నంత కాలం నేనే వాయిస్తానే. నీకంత తొందరేం?"

"ఎవరో ఒకరికి రావాలి కదా నాన్నా."

"వస్తుందిలే, పో. మంచు కరిగిపోతోంది చూసుకో."

అప్పటికే పళ్ళు తోముకున్నప్పుడల్లా ఉమ్మిలో నెత్తురు కనిపిస్తోంది. దల్సు ఏం చేశాడంటారా? నెత్తురొచ్చే చోట బ్రష్ తగలకుండా తప్పించి తోముకున్నాడు. పుండుని కదపకపోతే అదే మానుతుందనుకున్నాడు పాపం. భార్య ఒక్సిమ్‌కి వాసనతో తెలిసిపోయింది.

"ఏమయ్యా, రాత్రి ఎండుచేప తిన్నావా, నోట్లో దాచుకున్నావా?"

"నీ ముక్కే బాగాలేదు."

"నా ముక్కుకేం, శుభ్రంగా ఉంది. లే, పడవకి టైమవుతోంది," అని రెక్క పుచ్చుకుని అవతలి ఊరి ఆరోగ్య కేంద్రానికి లాక్కెళ్ళింది.

అక్కడి పళ్ళ డాక్టరమ్మ చాలాసేపు చూసింది. "మీ పళ్ళకేం, రాళ్ళలా ఉన్నాయి తాతగారూ. వాటిని పట్టుకున్న చిగుళ్ళే వదిలేస్తున్నాయి. లోపల ఎముక కూడా కరుగుతోంది. గార అంతా తీయించుకోవాలి. నెత్తురొచ్చే చోటే మెత్తటి బ్రష్‌తో రోజూ తోమాలి. కాయలు కొరకడం మానెయ్యండి," అంది. ఆ రోజు కింది వరసకి గార తీసి, పై వరసకి వచ్చే వారం రమ్మంది.

తిరుగు పడవలో దల్సు నాలుక కింది వరసని తడుముతూనే ఉంది. ఇన్నేళ్ళూ గార కూరుకుని ఉన్న సందులు ఇప్పుడు ఖాళీగా తగిలాయి. గాలి పీలిస్తే జివ్వుమన్నాయి.

"అరగదీసేసిందే! ఉన్న పళ్ళు కాస్తా సన్నం చేసేసింది."

"అది గారయ్యా, పన్ను కాదు."

"నా నోట్లో ఏముందో నాకు తెలియదా?"

ఒక్సిమ్ వారం వారం పోరింది. ఆయన ఒంటికాలి మీద లేచేవాడు. పై వరస అలాగే ఉండిపోయింది. ఆ వారం వెళ్ళి ఉంటే ఈ కథ చెప్పే పనే ఉండేది కాదు.

కొన్నేళ్ళకి పై పళ్ళు కదలడం మొదలుపెట్టాయి. సన్నాయి పీకని కాస్త పక్కకి జరిపి వాయించడం అలవాటు చేసుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. చెబితే పళ్ళ దల్సు పళ్ళు కదులుతున్నాయట అని నవ్వుతారని భయం. పున్నమినాటి అక్రోటు కూడా మానలేదు. అలా కొరకబట్టే ఈమాత్రమైనా నిలిచాయని ఆయన నమ్మకం.

ఆ ఏడు పున్నమి పొద్దున గుమ్మంలో నిలబడి కాయ కొరికాడు. కాయ పగల్లేదు. నోట్లో మెత్తగా ఏదో ఊడింది, వెంటనే వెచ్చగా ఉప్పగా నిండింది.

సరిగ్గా అప్పుడే సందు మలుపు నుంచి యొన్షిల్ కేక వేసింది. "నాన్నా!" ఆ పొద్దున ఎవరు పిలిచినా పలకకూడదు, పలికితే వచ్చే వేసవి ఎండంతా పలికినవాళ్ళకి అంటగట్టేస్తారు. అదో సరదా. దల్సు పలకలేదు.

"అబ్బో, ముసలాయన తెలివి మీరిపోయాడమ్మా!" అని నవ్వుతూ లోపలికొచ్చింది. గుమ్మంలో నెత్తురూ, ఆయన అరచేతిలో రెండు ముందు పళ్ళూ చూసి నీళ్ళకోసం పరుగెత్తింది.

సాయంత్రం వద్దన్నా వినకుండా ఒడ్డుకి వెళ్ళాడు. చంద్రుడు వచ్చాడు. డోలు వాళ్ళు కర్రలెత్తి ఆయన వైపు చూశారు. ఆయన సన్నాయి పెదవులకి ఆనించి ఊదాడు. బుస్సుమని గాలి వచ్చింది. మళ్ళీ ఊదాడు, మళ్ళీ గాలే. కాసేపు చూసి డోళ్ళవాళ్ళు తమంతట తామే మొదలుపెట్టారు.

పై వరస మొత్తం తీయించక తప్పలేదు. కింది వరసని నిలబెట్టుకోవచ్చంది డాక్టరమ్మ. ఇప్పుడు వాటిని రోజూ అద్దం ముందు కూర్చుని ఒక్కో సందూ తోముకుంటాడు. అది చూస్తే ఒక్సిమ్‌కి కోపమూ వస్తుంది, ఏడుపూ వస్తుంది. "ఈ బుద్ధి అప్పుడేమైందయ్యా?" అంటుంది. ఆయన తర్వాతి సందుకి బ్రష్ జరుపుతాడు.

కట్టుడు పళ్ళు ఊదితే జారిపోయేవి. అప్పుడు ఆయనే కూతుర్ని పిలిచాడు. "రావే, నేర్పుతాను," అన్నాడు, తల ఎత్తకుండా. నోటితో పాడి చూపించాడు. మొదలు బాగానే వచ్చింది. నడుమ ఒక మెలిక ఉంది, పై పళ్ళమీద పెదవిని నొక్కిపట్టి స్వరాన్ని వంచి వదలాలి. అది పాడబోతే కట్టుడు పళ్ళు టకటకమన్నాయి. తీసేసి పాడితే తుస్సుమంది. చేతులతో గాలిలో వంపు గీశాడు. యొన్షిల్ వంద రకాలుగా వాయించింది. ఏదీ అది కాదు.

"ఎలా ఉంటుంది నాన్నా? ఇంకొక్కసారి."

ఆయన దగ్గర ఇంకొక్కసారి లేదు.

మరుసటి పున్నమికి యొన్షిల్ ఒడ్డున నిలబడి సన్నాయి ఎత్తుకుంది. డోళ్ళు అందుకున్నాయి, మంట లేచింది, అచ్చం దల్సు వాయించినట్టే ఉందన్నారు ఊరివాళ్ళు. ఆమె చెమట తుడుచుకుంటూ వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"వచ్చిందా నాన్నా? ఇదేనా అది?"

దల్సు మంట వైపే చూస్తున్నాడు. నడుమ మెలిక లేదు. వాళ్ళ నాన్న దగ్గరినుంచి వచ్చింది తన నోట్లోనే ఆగిపోయింది.

"అదేనమ్మా," అన్నాడు. "అదే."